బార్లీ నీళ్ళ హిమజ

భీమిలి,
9 ఫిబ్రవరి 2025

మావయ్యకు,

హిమజ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ కోపం కూడా క్షేమంగానే ఉండి ఉంటుంది.

పదో తరగతి పరీక్షలో ‘మిత్రునికి లేఖ’ రాశాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. వచ్చిన నెల రోజుల్లో నీకు పన్నెండుసార్లు ఫోన్ చేశాను. పన్నెండుసార్లూ అత్తే ఎత్తింది. “మీ మావయ్య ఫోన్‌లో మాట్లాడడట, ఉత్తరం రాయమంటున్నాడే” అంది. మేనకోడలు బీరు కాయడానికి వెళ్ళిందని అలిగి కూర్చున్న మేనమామ లోకంలో నువ్వొక్కడివే అయ్యుంటావు. సరే, నీ మొండితనం నాకు కొత్త కాదు. నాకూ అదే వచ్చింది.

మన ఒప్పందం మరిచిపోలేదు. జూన్ ఆఖరులోగా నేను సొంతంగా కాచిన బీరు ఒకటి ఇక్కడ అమ్మే బీర్ల బోర్డు మీదికి ఎక్కాలి. ఎక్కకపోతే నోరు మూసుకుని ఫిల్మ్‌నగర్ వచ్చేసి, రికార్డింగ్ థియేటర్‌లో మళ్ళీ నీ పక్కన నిలబడాలి. ఎనిమిదేళ్ళు నిలబడ్డాను మావయ్యా. తెర మీద హీరోయిన్లు నడుస్తుంటే మైకు ముందు వాళ్ళ తరఫున నేను నడిచాను. వాళ్ళ గాజులు నేను కదిలించాను, వాళ్ళ చీర కుచ్చిళ్ళు నేను సర్దాను. విలన్ ఎముక విరిగే చప్పుడుకు నువ్వు ములక్కాడ విరిస్తే, మిగిలిన ముక్కలు ఇంటికి పట్టుకెళ్ళి అత్త చేత సాంబారు పెట్టించాను. ఆ పని మీద నాకేం కోపం లేదు.

నిజానికి తప్పు నీది. ఆ బారు సీనుకు నురుగు చప్పుడు కావాలంటే నువ్వు గ్లాసులో సోడా ఉప్పు వేసి నిమ్మకాయ పిండావు. నాకది నచ్చక, రికార్డర్ పట్టుకుని జూబ్లీహిల్స్‌లో బీరు కాచే చోటికి వెళ్ళాను. అక్కడ పెద్ద ట్యాంకులోంచి ఒక గొట్టం కింద బకెట్ నీళ్ళలోకి దిగి ఉంది. లోపల బార్లీ రసం పులుస్తున్నకొద్దీ బకెట్‌లో బుడగలు వస్తున్నాయి. ఎవరో గుసగుసగా మాట్లాడుకుంటున్నట్టు ఉంది. రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఇంకే చప్పుడూ చెవికి ఎక్కలేదు.

ఇక్కడ పనంటే నువ్వనుకున్నంత విలాసం కాదు. ముప్పాతిక వంతు కడుగుడే. ట్యాంకు కడుగు, గొట్టాలు కడుగు, నేల కడుగు. మా పెద్ద బ్రూయర్ రష్మిగారు బెంగళూరులో పదేళ్ళు చేసి వచ్చారు, ఆవిడ చేతులు సున్నం రాసినట్టుంటాయి. నేను బీచి దగ్గర పోలమ్మ అనే ఆవిడ ఇంట్లో గది తీసుకున్నాను. వాళ్ళది చేపల వ్యాపారం. నా బట్టలకు పొద్దున చేప వాసన, సాయంత్రం బార్లీ వాసన.

ఫోన్ ఎత్తు మావయ్యా.

నీ మేనకోడలు,
హిమజ

*

మధురానగర్,
20 ఫిబ్రవరి 2025

చిరంజీవి హిమజను దీవించి రాయునది,

నీ ఉత్తరానికి పదికి ఏడు వేశాను. దస్తూరీకి రెండు, నిష్ఠూరానికి ఒకటి తగ్గించాను.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం కోపం కాదు. నీ గొంతు వింటే మెత్తబడి ‘సరేలే, అక్కడే ఉండు’ అనేస్తానని భయం. కాగితం మీదైతే నిబ్బరంగా ఉండగలను. ఒప్పందం ఒప్పందమే, జూన్ ఆఖరే గడువు.

మీ అత్త నిన్ను గురించి కాలనీలో ఏం చెప్పిందో తెలిస్తే నవ్వుతావు. బీరు అనడానికి ఆవిడకు నోరు రాలేదు. “మా అమ్మాయి భీమిలిలో బార్లీ కంపెనీలో చేస్తోందండీ” అంది. అది అబద్ధం కాదు కదా. కాకపోతే మూడో అంతస్తు వాళ్ళు కిడ్నీలో రాళ్ళకు బార్లీ నీళ్ళు మంచివంటూ నీ అడ్రసు అడుగుతున్నారు. మన సుబ్రహ్మణ్యం కూడా అడిగాడు. ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజరుగా అందరి మీదా అరిచి అరిచి ఇప్పుడు రాళ్ళతో మూలుగుతున్నాడు. యూసుఫ్‌గూడ బస్తీ దాకా నీ పేరిప్పుడు బార్లీ నీళ్ళ హిమజ.

సుహాస్ అని కుర్ర డైరెక్టరు, అతని సినిమా ఒప్పుకున్నాను. హీరోయిన్ ఉప్పు మడుల్లో పనిచేసే పిల్ల. సగం సినిమా వట్టి కాళ్ళతో నడుస్తుంది. నీ చోట్లో ఎవరినీ పెట్టుకోలేదు. యాభై తొమ్మిదేళ్ళ వాణ్ణి, పద్దెనిమిదేళ్ళ పిల్లలా నడుస్తున్నాను. మెడ తిప్పుకుంటూ నడిస్తేనే ఆ నడక వస్తోంది. సుహాస్ మొహం తిప్పుకుని నవ్వుకుంటున్నాడు.

ఇంటి విషయాలు: మన వెనకింటి కుక్క మొరగడం మానేసింది, ముసలితనం వచ్చిందో బుద్ధే వచ్చిందో. మీ అత్త కుక్కర్ మూడు కూతలు కూశాక దింపమని నాకు అప్పగించి గుడికి వెళ్ళింది. అది ఒక్క కూతా కూయలేదు. పప్పు మాడి బొగ్గయింది. వచ్చి నన్ను తిట్టింది గానీ కుక్కర్‌ను ఒక్క మాట అనలేదు. మొన్న కృష్ణానగర్ సందులో ఒక ఆటోవాడు నా వెనకే ఆగి, “ఏంది సార్, గంతసేపు హారన్ కొడుతుంటే జర జరుగరాదు” అన్నాడు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళంటే మర్యాద తగ్గిపోయింది.

ఎండలో టోపీ పెట్టుకో.

ఆశీస్సులతో,
మావయ్య ప్రభాకర్

*

భీమిలి,
12 మార్చి 2025

మావయ్యకు,

నమస్కారాలు. ఈసారి దస్తూరీ చూడు, ముత్యాల్లా ఉంది.

నిన్న ఇక్కడ ఒక చిన్న ఘనకార్యం చేశాను. మూడో ట్యాంకు దాటి వెళ్తుంటే బకెట్‌లో బుడగల తాళం తేడాగా వినిపించింది. మొన్నటిదాకా ఆదితాళంలో పోతున్నది నిన్న ఈడుస్తోంది. రష్మిగారికి చెబితే, “మీటర్‌లో అంతా సరిగ్గానే ఉంది కదా” అన్నారు. అయినా మూత తీసి చూశారు. మీటరే తప్పు చూపిస్తోంది, లోపల రసం చల్లబడి పులియడం ఆగిపోతోంది. ఇంకో పూట ఆగితే ట్యాంకు మొత్తం పారబోసేవాళ్ళం. “ఈ చెవులు ఎక్కడ తయారుచేయించావ్?” అని అడిగారు. ఫిల్మ్‌నగర్‌లో, మా మావయ్య దగ్గర అన్నాను.

దాంతో నాకు ఏప్రిల్ ఆఖరులో చిన్న ట్యాంకు ఒకటి ఇస్తామన్నారు. నా సొంత బీరు. ఏం వెయ్యాలో కూడా అనుకున్నాను. పుల్లగా పులియబెట్టిన బార్లీలో నౌపడ ఉప్పు, దంచిన ధనియాలు. విదేశాల్లో ఇలాంటి పాత పద్ధతి ఒకటుందట. సముద్రం ఒడ్డున చెమటోడ్చి వచ్చినవాళ్ళకు ఇదే తగిన బీరని నా నమ్మకం. జూన్ మొదట్లో అందరూ రుచి చూసి తేలుస్తారు. తేలితే నేను గెలిచినట్టు, లేకపోతే నువ్వు.

బుడగల చప్పుడు రికార్డు చేసి మొన్న నీకు వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. విని ఎలా ఉందో రాయి. లోకంలో నీకంటే బాగా వినేవాడు ఎవరూ లేరు కాబట్టి అడుగుతున్నాను.

కుక్కర్ కూయకపోవడం ఏంటి? పరధ్యానం అంటారు దాన్ని. నా మీద అంత కోపం పెట్టుకుని పప్పు మీద చూపించకు.

హిమజ

*

మధురానగర్,
25 మార్చి 2025

చిరంజీవి హిమజకు,

పదికి ఎనిమిది.

ధనియాలు, ఉప్పు, పులుపు కలిపి కాస్తే దాన్ని మన ఇళ్ళలో చారు అంటారమ్మా. దానికి భీమిలి దాకా వెళ్ళక్కర్లేదు, మీ అత్త రోజూ కాస్తోంది. ఎందుకైనా మంచిదని ఆవిడ పొడి కొలతలు అడిగి రాసి పంపుతున్నాను. ఎందుకని అడిగితే ‘బార్లీ చారుకు’ అన్నాను. నా వంక అదోలా చూసింది.

బుడగలు విన్నాను. గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. మైకు ఇంకొంచెం కిందికి పట్టి ఉంటే బరువు వచ్చేది. మొత్తానికి బాగుంది.

ఇంకో మాట. సుబ్రహ్మణ్యం వచ్చే నెల సింహాచలం దర్శనానికి వస్తున్నాడు. అక్కడినుంచి నీ దగ్గరికి వచ్చి బార్లీ నీళ్ళు తాగి తీరతాడట. నిజం చెబితే మర్నాటికల్లా ఫిల్మ్‌నగర్ మొత్తానికి తెలుస్తుంది, మీ అత్త నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది. ఏదో ఒకటి చేసి మా పరువు కాపాడు.

థియేటర్‌లో నీ నడకల చెప్పుల అరలో దుమ్ము పడుతోంది. కొల్హాపురి జత పట్టీ తెగితే కుట్టించాను.

మావయ్య

*

భీమిలి,
11 ఏప్రిల్ 2025

మావయ్యా,

ఈ ఉత్తరానికి మార్కులు వెయ్యక్కర్లేదు.

ఇవాళ ఫోన్‌లో పాతవి తుడుస్తుంటే తెలిసింది, నీకు నేను పంపింది బుడగల చప్పుడు కాదు. పొరపాటున వేరేది వెళ్ళింది. పోలమ్మ వాళ్ళ పిల్లి చేపల తట్టలో తల పెడితే ఆవిడ దాన్ని ఒకటిన్నర నిమిషం ఆపకుండా తిట్టిన తిట్లు. విన్నవాడెవడైనా నవ్వి చస్తాడు. నువ్వేమో గుండ్రంగా, నిండుగా ఉన్నాయని రాశావు.

అంటే నువ్వు విననే లేదు. వినకుండానే విన్నట్టు రాశావు. కోపం ఉంటే ఉందని చెప్పు, తిట్టు, పడతాను. ఇలా పైపైన మెచ్చుకుని పంపించేస్తే నేనేం చేయను? ఎనిమిదేళ్ళు నీ పక్కన నిలబడ్డదానికి ఒకటిన్నర నిమిషం ఇవ్వలేకపోయావా? నీకు చెప్పుకోవడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

నీ పరువు మాత్రం కాపాడాను. సుబ్రహ్మణ్యంగారు నిన్న వచ్చారు. ఈస్ట్ కలపకముందు బీరు నిజంగానే బార్లీ రసం. తియ్యగా, వేడిగా ఉంటుంది. ఒక గ్లాసు ఇచ్చాను. “అమృతం తల్లీ, రాళ్ళేంటి, కొండలే కరిగిపోతాయి” అన్నారు. గట్టి మూత ఉన్న సీసాలో ఇంకొంత పట్టిస్తే తప్ప కదలనన్నారు. ఈ సాయంత్రానికే తాగెయ్యాలి, దాచకూడదు అని రెండుసార్లు చెప్పాను. తల ఊపారు. ఆయన తల ఊపితే ఏమవుతుందో నీకు తెలుసు.

హిమజ

*

మధురానగర్,
26 ఏప్రిల్ 2025

చిరంజీవి హిమజకు,

నీ కోపానికి పదికి తొమ్మిది. న్యాయమైన కోపమే. ఆ రోజు పనిలో ఉండి వినలేదు, తరవాత విందామనుకుని మరిచాను. వినలేదని రాయడానికి మొహం చెల్లక అలా రాశాను. క్షమించు అని మేనమామలు రాయకూడదంటారు. అయినా రాస్తున్నాను.

సుబ్రహ్మణ్యం వచ్చాడు. నీ సీసా తాగకుండా ప్రసాదంలా దాచి, అయిదు రోజుల తరవాత థియేటర్‌కు పట్టుకొచ్చాడు, నాకూ సగం ఇవ్వాలని. ఈ ఎండలకు మూత వదులై కాస్త కారింది. చాప తడిసింది, అంతే. ఆరేశాం.

సినిమాలో ఆఖరి మూడు రీళ్ళు మిగిలాయి. సుహాస్‌కు తొందరగా ఉంది. నువ్వు మే పద్దెనిమిదికల్లా రావాలి. పదిహేను రోజుల పని. జూన్ ఆఖరని ఒప్పుకున్న మాట నిజమే, కానీ పెద్దవాడిగా అడుగుతున్నాను. ఎందుకని అడక్కు.

మావయ్య

*

భీమిలి,
4 మే 2025

మావయ్యా,

నీ ఉత్తరం చూసి ముందు మండిపోయాను. నా ట్యాంకులో రసం పోసి అయిదు రోజులైంది. సరిగ్గా రుచి తేలే వేళకు రమ్మంటావా, నన్ను ఓడించడానికే కదా అనుకున్నాను. ఘాటుగా రెండు పేజీలు రాశాను కూడా.

పోస్టు చేసేలోగా సుబ్రహ్మణ్యంగారి ఫోన్ వచ్చింది. ఇంకో సీసా కావాలట. మాటల్లో నీ సంగతి చెప్పారు. నువ్వు హీరోయిన్ నడక నడుస్తున్నావట, ఆయన వెనక కుర్చీలో సీసా పట్టుకుని కూర్చున్నారట. రికార్డింగ్ ఎర్ర దీపం వెలుగుతోంది, ఎవరూ ఊపిరి కూడా తీయడం లేదు. అప్పుడు, లోపల రసం పులిసి పులిసి సీసా పేలింది. మూత పైకప్పుకు కొట్టుకుంది. “తుపాకీ పేలినట్టే అమ్మా. నేను కుర్చీలోంచి కింద పడ్డాను. అద్దం అవతల సుహాస్ బల్ల కిందికి దూరాడు. మీ మావయ్య మాత్రం ఒక్క అడుగు తప్పలేదు. సీను అయ్యేదాకా నడిచి, అప్పుడు వెనక్కి తిరిగి, ‘ఇక్కడ నీళ్ళెవరు పోశారు?’ అన్నాడు. తపస్సమ్మా అది. సుహాస్ కాళ్ళకు దణ్ణం పెట్టేశాడు” అన్నారు.

ఆయన ఫోన్ పెట్టెయ్యగానే నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను.

మొరగడం మానేసిన కుక్క. కూయని కుక్కర్. ఆటో హారన్. గుండ్రంగా వినిపించిన పోలమ్మ తిట్లు. నువ్వు ఫోన్ ఎత్తకపోవడం. అన్నీ నువ్వే రాశావు, అన్నీ నేనే చదివాను. చదివి, నా మీద కోపం అనుకున్నాను. ఎంతసేపూ నా గొడవే నాది.

ఎప్పటినుంచి మావయ్యా?

పోయిన ఉత్తరంలో శంఖం సామెత రాశాను. ఆ ముక్క చింపెయ్యి. అది తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

పద్దెనిమిదికి వస్తున్నాను. ట్యాంకు రష్మిగారు చూస్తారు. అది పాడైతే పాడవుతుంది, ఒప్పందం ఓడిపోతే ఓడిపోతాను. అత్తకు చెప్పకు, నేనే చెబుతాను.

హిమ

*

మధురానగర్,
10 మే 2025

హిమా,

రెండేళ్ళ నుంచి. ఎడమది ముందు, తరవాత కుడిది. పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే ఇప్పటికీ వింటాను. ఫోన్‌లో మాత్రం ఈగ కొట్టుకున్నట్టు ఉంటుంది. డాక్టరు చెవిలో మిషన్ పెట్టుకోమన్నాడు. చప్పుళ్ళు చేసి బతికేవాడు చెవిలో మిషన్‌తో థియేటర్‌కు వెళ్తే ఇంకెవరు పిలుస్తారు? ఫిల్మ్‌నగర్‌లో ఒక మాట పుడితే సాయంత్రానికి చెక్‌పోస్టు దాటుతుంది.

మరి రెండేళ్ళు ఎలా చేశానంటావా? నీ మొహం చూసి చేశాను. టేకు అవ్వగానే నీ వంక చూసేవాణ్ణి. బాగుంటే నువ్వు బొటనవేలు నేలకు రాస్తావు. బాగోకపోతే ఎడమ కనుబొమ్మ కొంచెం లేస్తుంది. నీకే తెలియదు. దాన్ని చూసి నేను ‘ఇంకోటి పోదాం’ అనేవాణ్ణి. అందరూ ప్రభాకర్ చెవులు అద్భుతం అనేవారు. ఆ చెవులు నీవి.

నువ్వు వెళ్తానన్న రోజు వద్దనలేకపోయాను. నీ కళ్ళల్లో ఆ వెలుగు అంతకుముందు చూడలేదు. ఆరు నెలల గడువు నీకోసం పెట్టింది కాదమ్మా. ఆరు నెలలైతే ఎలాగో నటించి నెట్టుకొస్తానని నాకోసం పెట్టుకున్నది. చప్పుడు కొలిచే మీటరులో ముల్లు చూసి తొమ్మిది రీళ్ళు చేశాను. మీటరు తప్పు చూపిస్తుందని నువ్వే రాశావు.

రమ్మని రాసింది తప్పు. నీ ట్యాంకు వదిలి రావద్దు. ఏదో ఒకటి చేస్తాను.

శంఖం ముక్క చింపను. అది తిట్టు కాదు, నా జాతకం. ఆ ఉత్తరానికి పదికి పది.

మావయ్య

*

భీమిలి,
8 జూన్ 2025

మావయ్యకు నమస్కారాలు.

క్షేమంగా చేరాను. అత్త కట్టిచ్చిన పులిహోర అన్నవరం దాటకముందే అయిపోయింది.

నువ్వు రావద్దని రాసినా వచ్చినందుకు ఇంకా సాధిస్తున్నావని అత్త చెప్పింది. సాధించు. ఆ పదిహేను రోజులూ నాకు ఎనిమిదేళ్ళ కంటే బాగున్నాయి. ఈసారి నువ్వు దొంగచాటుగా చూడలేదు. ఎదురుగా స్టూలు వేసుకుని, నా మొహం దర్జాగా చూస్తూ కూర్చున్నావు. నాకు కనుబొమ్మ దాచుకోవడం రాలేదు, బొటనవేలు ఆపుకోవడం రాలేదు. ఉప్పు పోసిన పెట్టెలో వట్టి కాళ్ళతో ఆ ఆఖరి నడక నడిచానే, పగిలిన మడమలతో ఆ పిల్ల సముద్రం వైపు పోయే నడక, అప్పుడు నీ కళ్ళు చెమర్చాయి. ఉప్పు కళ్ళల్లో పడిందన్నావు. పెట్టె నీకు ఆరు అడుగుల దూరంలో ఉంది.

ఆ ఆఖరి రోజు నువ్వే సుహాస్‌ను పిలిచి, “బాబూ, నాకు వినిపించదు” అన్నావు. నేను నీ వెనక నిలబడి దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అతను నీ చెవుల వంక చూసి, “అయితే సీసా పేలినప్పుడు?” అన్నాడు. తరవాత అందరం ఎంతసేపు నవ్వామో. ఆ పేలుడు అతను చెరిపెయ్యలేదు తెలుసా? మడుల దగ్గర బాంబు పేలే సీనుకు అదే పెట్టుకున్నాడు. నా బార్లీ నీళ్ళు సినిమాలోకి వచ్చాయి.

ఇక బీరు. నేను లేని పదిహేను రోజుల్లో రష్మిగారు పులియడం ఎప్పుడు ఆపాలో తేల్చుకోలేక అలాగే ఉంచేశారు. అనుకున్నదానికంటే పులుపు ఎక్కింది. నిన్న అందరూ రుచి చూశారు. ఓనర్ ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. రష్మిగారు కిటికీలోంచి బయటికి చూశారు. పోలమ్మను కూడా పిలిచాను. ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, “ఇదేటమ్మా, సారులో ఇంగువెయ్యడం మర్సిపోనావు” అంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ గ్లాసు చాపి, “మళ్ళా కొంచెం ఎయ్యి” అంది. అప్పుడు ఓనర్ కూడా గ్లాసు చాపాడు.

బోర్డు మీద పేరు రాయమని సుద్దముక్క నాకే ఇచ్చారు. ‘వట్టి కాళ్ళు’ అని రాశాను.

కాబట్టి గెలిచాను. అయినా అసలు మాట రాస్తున్నాను. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను. గెలిచి వస్తే ఓడినట్టు కాదు. మీటరు నమ్ముకుని ఒక్కడివీ అక్కడ నిలబడతావంటే నాకు ఇక్కడ బుడగలు వినిపించవు. ఒక్క ముక్క రాయి, చాలు.

హిమజ

*

మధురానగర్,
19 జూన్ 2025

చిరంజీవి హిమజను దీవించి,

అడిగినట్టే ఒక్క ముక్క రాస్తున్నాను: రావద్దు.

ఇప్పుడు మిగతా ముక్కలు. సోమవారం చెవులకు మిషన్లు పెట్టించుకున్నాను, రెండు చెవులకూ. చిక్కుడు గింజంత ఉన్నాయి. బయటికి రాగానే యూసుఫ్‌గూడ మొత్తం నా మీద పడింది. ఈ ఊళ్ళో ఇంత గోలలో బతుకుతున్నారా జనం? వెనకింటి కుక్కకు ముసలితనం రాలేదు, బుద్ధీ రాలేదు. రాత్రంతా మొరిగింది. సంతోషంతో నిద్ర పట్టలేదు.

మీ అత్త త్రిపురసుందరి సంగతి విను. ఆవిడకు నా చెవుల విషయం మొదటినుంచీ తెలుసట. కుక్కర్ పని నాకు అప్పగించింది అందుకేనట, ఎప్పుడో ఒకప్పుడు నా అంతట నేనే ఒప్పుకుంటానని. నాలుగు గిన్నెల పప్పు మాడ్చింది పాపం. నేనన్న ‘బార్లీ చారు’ నీ బీరేనని కూడా తెలుసట. చారు పొడి కొలతలు అడిగినప్పుడే తెలిసిందట. “ఇంగువ వెయ్యలేదా అది?” అని అడిగింది. మిషన్లు పెట్టుకున్నాక ఆవిడ మొదటిసారి నెమ్మదిగా, “వినిపిస్తోందా?” అంది. వినిపించలేదన్నాను, ఇంకోసారి అనిపించుకోవడానికి.

థియేటర్‌లో కొంపలేం మునగలేదు. సుహాస్ ఇంకో సినిమా ఇచ్చాడు. నా పక్కన నిలబడడానికి వర్ణిక అనే పిల్ల వచ్చింది, కృష్ణానగర్‌లో గది తీసుకుని డాన్సర్‌గా తిరుగుతుండేది. నడక బాగుంది. ‘బాగోలేదు సార్’ అని మొహం మీదే చెబుతుంది, కనుబొమ్మ దాకా పోనక్కర్లేదు. నీ చెప్పుల అర ఆ పిల్లకిచ్చాను. కొల్హాపురి జత మాత్రం ఇవ్వలేదు, అది నీకు పార్సిల్ చేశాను. ఉప్పు నేల మీద వట్టి కాళ్ళతో తిరిగితే మడమలు పగులుతాయి.

ఇక మన ఒప్పందం ముగిసింది. నువ్వు గెలిచావు. ఓడిపోతే ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో ఓడిపోయేవాణ్ణి.

ఆదివారం పొద్దున పది గంటలకు ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను. ఎత్తగానే ఏమీ మాట్లాడకు. ఫోన్ తీసుకెళ్ళి ఆ బకెట్ పక్కన పెట్టు. తొందరేం లేదు, ఎంతసేపైనా కూర్చుంటాను.

ఈసారి వినిపించకపోతే, వినిపించలేదనే చెబుతాను.

నీ మావయ్య,
ప్రభాకర్